గొలుసు అరిగింది, టైరు అరగలేదు

ముత్తన్న ఎవరి మాటనూ మొదటిసారికే నమ్మేవాడు కాదు. అదే మాట రెండోసారి చెబితే, రెండోసారి ఎందుకు చెబుతున్నట్టని ఇంకా అనుమానపడేవాడు. ఇందులో అతని తప్పు కొంతే, మిగతాది ఉద్యోగం చేసిన పని. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో అతను చెరకు ఫీల్డ్‌మన్. చెరకు ఆడించే క్రషింగ్ మొదలయ్యే ముందు ఊరూరూ తిరిగి ఏ తోట పండిందో, ఏది పండలేదో చూసి కోతకు చిట్టీ రాయాలి. రైతు తన తోట పండిందంటాడు. పక్క రైతు అదే తోట గురించి ఇంకా పచ్చిగా ఉందంటాడు. బరువు తూగాలని కోతకు ముందు మడి నిండా నీళ్లు పారించి, పొద్దున ఏమీ ఎరగనట్టు గట్టు మీద చుట్ట కాలుస్తూ కూర్చునేవాళ్లూ ఉండేవాళ్లు.

ముత్తన్న వాళ్లతో వాదించేవాడు కాదు. తోట నడుమకు పోయి ఒక గడ విరిచి, మొదట్లో కణుపు ఒకటి, కొసన కణుపు ఒకటి కోసి నమిలేవాడు. మొదలు తియ్యగా ఉండి కొస చప్పగా ఉంటే తోట ఇంకా పండనట్టు. రెండూ ఒక్కతీరుగా తియ్యగా ఉంటే పండినట్టు. తరువాత చెప్పులు విడిచి మట్టిలో కాలు పెట్టి చూసేవాడు. "ఏం తాతా, వాన మీ ఒక్క తోటలనే పడ్డదా?" అని మెల్లగా అడిగేవాడు. ఎడపల్లి నుంచి బోధన్ దాకా రైతులు అతన్ని సీఐడీ ముత్తన్న అనేవారు. ఆ పేరు అతని చెవిన పడింది. పెట్టిందెవరో కనిపెట్టాలని కొన్నాళ్లు తిరిగి మానుకున్నాడు.

ఇట్లా పొద్దంతా నాలుకతో, ముక్కుతో, పాదాలతో అబద్ధాలు పట్టే మనిషి సాయంత్రానికి ఆ అలవాటును ఎక్కడ విడిచి రాగలడు? హోటల్లో పాలను వాసన చూసేవాడు. చెల్లెలి పెళ్లిలో వియ్యంకుడు నవ్వుతూ మాట్లాడితే ఆ రాత్రి అన్నం సహించలేదు. అన్నిటికంటే ఎక్కువ కాపలా తన ఫట్‌ఫటీకి. అది యుద్ధం నాటి ఇంగ్లీషు మోటారు సైకిలు. కాలువల శాఖలో ఓవర్సీరొకాయన ఉద్యోగం విరమించి పోతూ అమ్మితే కొన్నాడు. సీజన్‌లో బోధన్‌లో గది తీసుకుని ఉండేవాడు గాని, ఇల్లు భీమ్‌గల్ దగ్గరి పల్లె. అక్కడ తల్లి హన్మవ్వ, భార్య వసంతమ్మ, కొంత వరి, కొంత పసుపు. ఇంటికి పోయిన ప్రతిసారి బండిని కొట్టంలో నిలిపి, రెండు టైర్ల చుట్టూ పొయ్యి బూడిదతో సన్నటి గీత గీసేవాడు. బండి వెంట్రుకవాసి కదిలినా తెలిసిపోతుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు, బండి ఎవరు కదుపుతారని తల్లి నవ్వేది. కదపనివాళ్లకు గీత అడ్డమేంటని ముత్తన్న అనేవాడు.

అటువంటి ముత్తన్న లోకంలో ఒకే ఒక్క మనిషిని అనుమానించేవాడు కాదు. నిజామాబాద్‌లో రైలు గేటు అవతల రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసే బాలనర్సయ్య ఆ మనిషి.

ఆ నమ్మకం ఊరికే కుదరలేదు. పదేళ్ల కింద ముత్తన్న మొదటిసారి బండి అతనికిచ్చి, బాగైనాక బోధన్ వెళ్లిపోయాడు. సాయంత్రం గది తలుపు తడితే బయట బాలనర్సయ్య, చెమటతో ముద్దైన చొక్కా, పక్కన సైకిలు. జానకంపేట మీదుగా తొక్కుకుంటూ వచ్చాడు. "ముందు చక్రానికి నట్టు గట్టిగ బిగియ్యలేదు పటేలా. యాది మరిచిన. తప్పు నాదే," అని చెప్పి, అక్కడే నేల మీద కూర్చుని నట్టు బిగించి, మంచినీళ్లు తాగి మళ్లీ సైకిలెక్కాడు. తన తప్పు తానే మోసుకుని అంతదూరం వచ్చిన మనిషిని ముత్తన్న అంతకు ముందు చూడలేదు.

అప్పటి నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. ఏ పనివాడి దగ్గరైనా, మంగలి అయినా, కుట్టు మిషను అతనైనా, ముత్తన్న పక్కనే కూర్చుని పని పూర్తయ్యేదాకా వాళ్ల చేతులు చూసేవాడు. బాలనర్సయ్య షెడ్డుకు వస్తే మాత్రం బండి అప్పగించి, ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగడానికి పోయేవాడు. షెడ్డు వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. ఆ చాయ్ తాగేంతసేపూ అతని బుర్ర దేన్నీ వెతికేది కాదు. మిగతా బతుకంతా వెతుకులాటే గనక ఆ కాసేపు అతనికి ఎంతో విలువైనది. ఆ సంగతి బాలనర్సయ్యకూ తెలుసు. కూర్చోవడానికి బిల్ల పీట ఒకటి షెడ్డులో ఉన్నా దాన్ని ముత్తన్నకు ఎన్నడూ చూపలేదు.

అరవై ఏడులో దీపావళి దగ్గర పడుతుండగా బండి గొలుసు ఎగరడం మొదలైంది. బోధన్ తొవ్వలో ఎడ్లబండిని దాటబోయి కాస్త జోరు పెంచితే వెనక కటకటమని చప్పుడు, బండి ముందుకు పోదు. క్రషింగ్ ఇక వారాల్లోకి వచ్చింది. బండి లేకుండా అన్ని ఊళ్ల తోటలు చూడడం కుదిరే పని కాదు. ముత్తన్న మెల్లగా నడుపుకుంటూ నిజామాబాద్ చేరాడు.

బాలనర్సయ్య గొలుసును వెనక చక్రం మీద వేలితో పట్టి లాగాడు. పళ్ల మీద నుంచి వేలు దూరేంత పైకి లేచింది. మూత తీసి ముందున్న చిన్న పళ్ల చక్రం చూశాడు. వెనకది చూశాడు. పళ్లన్నీ ఒకవైపు వంగి, కొడవలి మొనల్లా సన్నబడి ఉన్నాయి. గొలుసు ఊడదీసి అడ్డంగా పట్టుకుంటే చచ్చిన పాములా వేలాడింది. అప్పుడొక పని చేశాడు. గొలుసు లంకెల సందులో వేలు పెట్టి తిప్పి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే చొక్కాకు తుడిచేసుకున్నాడు.

ముత్తన్న అప్పటికి ఇంకా హోటలుకు బయలుదేరలేదు. ఆ తుడవడం చూశాడు.

"గొలుసు పోయింది. పండ్ల చక్రాలు రెండూ పోయినయ్. మూడూ కలిపి మార్చాలె ముత్తన్నా," అన్నాడు బాలనర్సయ్య, గొలుసు వైపే చూస్తూ.

"పోయిన దీపావళికే కద ఏసినవ్."

"ఏసిన."

"కొత్తయే కద."

"కొత్తయే."

అంతకు ముందువి ఎన్నో ఏళ్లు నడిచాయి. ఇవి ఏడాదికే పోయాయి. గొలుసొక్కటి మారిస్తే చాలదా అని ముత్తన్న అడిగాడు. పాత పళ్ల మీద కొత్త గొలుసు వేస్తే ఆ వంకర పళ్లు దాన్నీ కొరికి పాడుచేస్తాయని బాలనర్సయ్య చెప్పాడు. ఆ మాట న్యాయంగానే ఉంది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. "మజూరి నాకు వద్దు. సామాను ఒక్కటి తెస్తె సాలు, ఏసిస్త," అని కూడా అన్నాడు.

పదేళ్లలో బాలనర్సయ్య ఒక్కసారి కూడా మజూరి వద్దనలేదు. ఎక్కువ అడగలేదు, తక్కువా అడగలేదు. తోటకు పోగానే అడగకుండా కొబ్బరి బొండం కొట్టించే రైతు తోటలోనే మట్టి తడిగా ఉంటుందని ముత్తన్న అనుభవం.

అతని చూపు వెనక టైరు మీద పడింది. అది కూడా పోయిన దీపావళికే, అదే రోజు, ఇదే షెడ్డులో వేసింది. వంగి వేలితో రుద్ది చూశాడు. రబ్బరు గాడులు ఇంకా లోతుగా ఉన్నాయి.

"టైరు మంచిగనే ఉన్నది," అన్నాడు.

"ఔ."

"గొలుసు నడిసినంత దూరం టైరు నడవలేదా నర్సన్నా?"

బాలనర్సయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

ముత్తన్న మూలనున్న బిల్ల పీట తనే తెచ్చుకుని బండి పక్కన వేసుకుని కూర్చున్నాడు.

షెడ్డు గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న బాలనర్సయ్య భార్య వెంకటవ్వ తలెత్తింది. "చాయ్ తాగపోలేదా పటేలా?" అని అడిగింది.

"మనసైతలేదు."

బాలనర్సయ్య ఆ పీట వైపు ఒకసారి చూసి, పళ్ల చక్రాలు రెండూ విప్పడం మొదలుపెట్టాడు. ముత్తన్న అతని చేతులనే చూస్తూ కూర్చున్నాడు. ఆ చేతులు ఎప్పటిలా పనిచేయడం లేదని, ఒక బోల్టును రెండుసార్లు కింద పడేశాయని గమనించాడు. పని అయ్యాక గొలుసూ, చక్రాలూ గోనెసంచిలో వేసుకున్నాడు. సామాను తనే చూసి కొంటానన్నాడు. బండిని అక్కడ ఉంచడానికి మనసొప్పక, గొలుసు లేని బండిని తోసుకుంటూ ఊళ్లోనే ఉన్న చెల్లెలి ఇంటి వైపు బయలుదేరాడు.

వీధి అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చూశారు. "సీఐడీ సారు బండిని అరెస్టు చేసి తీస్కపోతున్నడే," అని ఎవరో అన్నారు. నవ్వులు వినిపించాయి. వెనక నుంచి వెంకటవ్వ నవ్వు మాత్రం వినిపించలేదు. "ఏమన్నడు నిన్ను?" అని ఆమె మొగుణ్ని అడగడం వినిపించింది. బాలనర్సయ్య ఏం చెప్పాడో వినపడేలోపు ముత్తన్న మలుపు తిరిగాడు.

ఆ రోజంతా మనసులో లెక్క కట్టాడు. పోయిన దీపావళికి కొత్తవని చెప్పి ఎక్కడివో అరిగినవి కడిగి వేసి ఉండాలి. లేదా మధ్యలో, తను అటు వీపు పెట్టి చాయ్ తాగుతుండగా, కొత్తవి తీసి పాతవి తగిలించి ఉండాలి. ఆ వీపు పెట్టడమే తన పొరపాటు. ఇంత ఆలోచించీ అతనికి కోపం రాలేదు. భయమేసింది. బాలనర్సయ్య కూడా అంతే అయితే ఇక తను ఎక్కడ కూర్చుని చాయ్ తాగాలి?

మర్నాడు లక్ష్మీరాజం దుకాణానికి పోయాడు. మోటారు సామాను అమ్మే దుకాణాల్లో పాత ఇంగ్లీషు బండ్లకు పనికొచ్చేవి అతని దగ్గరే దొరికేవి. విదేశాల నుంచి సామాను రావడం తగ్గిపోయింది గనక లక్ష్మీరాజం హైదరాబాదులో పాత సరుకు వెతికి తెచ్చేవాడు, కొన్ని చక్రాలు అక్కడే కార్ఖానాల్లో కోయించేవాడు.

"పాతది తెచ్చినవా పటేలా? దాని పక్కకు పెట్టి సూస్తెనే కొత్తది దొరుకుతది," అన్నాడు. గొలుసులో ఒక లంకెకూ మరో లంకెకూ మధ్య దూరం సరిపోవాలి, వెడల్పు సరిపోవాలి, చక్రం నడుమ రంధ్రం సరిపోవాలి. ముత్తన్న సంచి విప్పలేదు. ముందు కొత్తవి చూపమన్నాడు.

లక్ష్మీరాజం నూనె కాగితంలో చుట్టిన గొలుసు ఒకటి, పొడుగాటి చుట్టలోంచి కావలసినంత తెంపి ఇచ్చేది ఒకటి ముందు పెట్టాడు. వెనక పళ్ల చక్రాలు రెండు పెట్టాడు. ఒకటి పాతదాని అంతే. ఇంకొకటి కాస్త పెద్దది, పళ్లు ఎక్కువ. పెద్దది వేస్తే బండి జోరు తగ్గుతుంది గాని లాగుడు పెరుగుతుందని, బరువు మోసేవాళ్లు అదే వేయించుకుంటున్నారని మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాడు గనక ముత్తన్న దాన్ని పక్కకు నెట్టాడు. అమ్ముడుపోనిదాన్నే దుకాణదారు పొగుడుతాడు.

గొలుసులు రెండిటినీ అడ్డంగా పట్టి ఎంత వంగుతున్నాయో చూశాడు. చెవి దగ్గర ఆడించి విన్నాడు. నూనె కాగితంలోది మెరుస్తోంది, కాని లంకె ఒకటి గోటికి గరుకుగా తగిలింది. లోపల తుప్పుంది. చుట్టలోది మెరవలేదు గాని ప్రతి లంకె వేలి కింద నున్నగా తిరిగింది. ఆఖరున అలవాటు చొప్పున ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొత్త ఇనుము, గ్రీజు. సరే, పాతది ఎట్లా ఉంటుందోనని సంచిలోంచి తీసి దాన్నీ వాసన చూశాడు.

పైన ఇంజను నూనె, మట్టి. లంకెను తిప్పి లోపలి సందు దగ్గర ముక్కు పెడితే వేరే వాసన వచ్చింది. బండి ఇరుసు వాసన. మోటారు బండి ఇరుసు కాదు, ఎడ్లబండి ఇరుసు.

ఆముదం.

ముత్తన్న గుండుసూది అడిగి తీసుకున్నాడు. లంకె సందులోంచి జిగురుగా గట్టిపడిన మడ్డి కొంచెం గీకి తీశాడు. గోటి మీద పెట్టుకుని వెలుతురులో చూస్తే నలుపు కింద పచ్చగా ఉంది. నాలుక కొసకు తాకించాడు.

లక్ష్మీరాజం ఇంతవరకు ఎంతోమంది గిరాకీలను చూశాడు గాని గొలుసు నాకేవాణ్ని చూడలేదు. "ఎట్లున్నది పటేలా, ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

ముత్తన్న వినిపించుకోలేదు. అది పసుపు. కూరలో వేసే మెత్తటి పసుపు కాదు, ఎండిన కొమ్ములకు మెరుగు పెట్టేటప్పుడు లేచే మట్టి కలిసిన దుమ్ము. నిజామాబాద్‌లో రైలు గేటు పక్కన షెడ్డులో ఆ దుమ్ము ఎక్కడిది? బోధన్ చెరకు తోవల్లో ఎక్కడిది? తన ఇంటి కొట్టంలో తప్ప ఎక్కడుంది?

సామాను పక్కన పెట్టి ఉంచమని చెప్పి, పాత గొలుసు సంచిలో వేసుకుని భీమ్‌గల్ బస్సెక్కాడు.

తొవ్వ పొడుగునా పోయిన ఎండాకాలాన్ని తవ్వుకున్నాడు. శివరాత్రికి ఇంటికి పోయినప్పుడే జ్వరం తగిలింది. టైఫాయిడ్ అన్నారు. నిజామాబాద్ దవాఖానాలో, తరువాత చెల్లెలింట్లో కలిపి పసుపు కాలమంతా మంచంలోనే గడిచింది. బండి కొట్టంలో ఉంది. ఆ ఏడు పల్లెలో మగవాళ్లంతా పోచంపాడ్ ఆనకట్ట పనికి పోయారు, కూలీలు దొరకడం లేదని ఎవరో అన్నట్టు గుర్తు. మరి ఉడకబెట్టి ఎండబెట్టిన అన్ని కొమ్ములకు మెరుగెవరు పెట్టారు? కొమ్ములు పోసిన ఇనుప డ్రమ్మును అటొకరు ఇటొకరు పట్టుకుని పొద్దంతా తిప్పాలి. జ్వరంలో ఆ ప్రశ్న అతనికి తోచనే లేదు. సీఐడీ అని పేరు పడ్డ మనిషికి తన ఇంటి పసుపు ఎట్లా మెరిసిందో తెలియదు.

ఇంటికి చేరగానే ఎవరినీ పలకరించకుండా కొట్టంలోకి పోయాడు. డ్రమ్ము మూలకు ఉంది. దాని నడుము చుట్టూ చెయ్యి వెడల్పున ఒక పట్టీ తళతళ మెరుస్తోంది. మోకు ఒరిసి ఒరిసి పడిన మెరుపు. చేతితో తిప్పే డ్రమ్ముకు మోకుతో పనిలేదు.

"ఏం ఎత్కుతున్నవ్ కొడుకా?" గుమ్మంలో తల్లి నిలబడింది.

"ఈయేడు డ్రమ్ము ఎవరు తిప్పిండ్రవ్వా?"

"మనుషులు."

"ఏ మనుషులు? అందరు పోచంపాడ్ పోయిరి గద."

హన్మవ్వ వంటింటి వైపు చూసింది. వసంతమ్మ చేతులు కడుక్కుని బయటికి వచ్చింది. మొగుడి ముఖం చూసింది, చేతిలో సంచి చూసింది, అందులోంచి వేలాడుతున్న గొలుసు చూసింది. దాచడానికి ఇక ఏమీ లేదని తెలిసిన మనిషిలా అరుగు మీద కూర్చుంది.

"నేనే," అంది. "నీ ఫట్‌ఫటీతోని."

ముత్తన్న కూర్చోలేదు. ఆమె చెబుతుంటే నిలబడే విన్నాడు. కూలీలు లేరు. అత్తా కోడలు రెండు రోజులు డ్రమ్ము తిప్పితే అత్త భుజం పట్టేసింది. వానలు పడితే కొమ్ములు బూజు పట్టి అంతా పోతుంది. దవాఖానాకు వచ్చినప్పుడు దారిలో బాలనర్సయ్య షెడ్డు కాడ ఆగి గోడు చెప్పుకుంది. అతను బస్సెక్కి వచ్చాడు. బండిని స్టాండు మీద ఎత్తి కట్టి, వెనక టైరు విప్పి, ఖాళీ చక్రం మీది నుంచి డ్రమ్ము నడుముకు మోకు వేశాడు. బండిని ఎట్లా మొదలుపెట్టాలో, ఎట్లా ఆపాలో ఆమెకు నేర్పి పోయాడు. పసుపు కాలమంతా బండి కదలకుండా ఉన్నచోటే నడిచింది. పని అయ్యాక అతనే మళ్లీ వచ్చి టైరు బిగించాడు.

"బూడిద గీత?" అన్నాడు ముత్తన్న.

"మల్ల గీసిన. నీకంటె సక్కగనే గీసిన."

"ఆముదం ఎవరు పొయ్యమన్నరు?"

"ఇరుసుకు ఏం పోస్తం మనం? గదే పోసిన. దినాం పొద్దుగాల నిండుగ పోసి పని మొదలుపెట్టిన. మంచిగ సప్పుడు లేకుండ తిరిగింది."

జిగురు ఆముదం మీద మట్టి పసుపు దుమ్ము. రోజూ కొత్త ఆముదం, రోజూ కొత్త దుమ్ము. గొలుసుకు అంతకంటే ఆకురాయి అక్కరలేదు. ఎంత ప్రేమగా పోసిందో అంత అరిగింది. అది ఆమెకు తెలియదు. బాలనర్సయ్యకు కూడా, నిన్న వేలు ముక్కుకు పెట్టుకునేదాకా తెలిసి ఉండదు.

"నర్సన్న నాకెందుకు చెప్పలే?"

"నేనే ఒట్టు పెట్టించుకున్న. ఆడబిడ్డకు ఇచ్చిన మాట ఎట్ల తప్పుతడు?"

"నువ్వెందుకు చెప్పలే?"

వసంతమ్మ కాసేపు చీర అంచు మడత పెట్టింది. "చెప్దామనే ఉంటి. జ్వరం తగ్గి ఇంటికొచ్చినవ్ సూడు, ఆ దినం. వాకిట్ల దిగి మొట్టమొదలు ఎటు పోయినవ్? కొట్టంలకు పోయి గీత సూసుకున్నవ్. అత్తను పలకరియ్యలే, నన్ను పలకరియ్యలే. గీత మంచిగున్నదని అప్పుడు నవ్వినవ్. ఇంకేం చెప్పాలె?"

హన్మవ్వ భుజం రాసుకుంటూ లోపలికి పోయింది.

ముత్తన్న ఆ సాయంత్రం చాలాసేపు కొట్టంలోనే కూర్చున్నాడు. నమ్మడం అతనికి అంత సులువు కాదు. ఆమె చెప్పినదాన్ని చెరకు గడలాగే మొదట్లో ఒకచోట, కొసన ఒకచోట కొరికి చూశాడు. తల్లిని విడిగా ఒకటి అడిగాడు, వసంతమ్మను మరొకటి అడిగాడు. ఎక్కడ కొరికినా రుచి ఒకటే. తన అనుమానం నిజమే, బాలనర్సయ్య తన దగ్గర ఒక సంగతి దాచాడు. కాని దాచింది దొంగతనం కాదు.

మర్నాడు బస్సుకు బయలుదేరుతుంటే వసంతమ్మ వాకిలి దాకా వచ్చింది. "కొత్త చక్రాలు తెస్తవా?" అని అడిగింది. తెస్తానన్నాడు. "ఎనకది జర పెద్దది దొరుకుతదేమో సూడు. డ్రమ్ము మస్తు జోరుగ తిరిగి కొమ్ములు ఇరిగినయ్. పండ్లు ఎక్కువుంటె నిమ్మలంగ తిరుగుతదని నర్సన్న చెప్పిండు."

ముత్తన్న ఆమె ముఖంలోకి చూశాడు. అందులో తప్పు చేసిన జాడ ఏమీ లేదు. వచ్చే పసుపు కాలం మాత్రమే ఉంది.

"ఆముదం పొయ్యొద్దు," అన్నాడు చివరికి. "గొలుసు మీద రేకు మూత ఏయిస్త."

దుకాణంలో ముత్తన్న చుట్టలోని గొలుసు తెంపమన్నాడు, ముందుకు చిన్న చక్రం తీసుకున్నాడు, వెనకకు పెద్దది ఇమ్మన్నాడు. ఈసారి అనుమానం లక్ష్మీరాజానికి వచ్చింది. నిన్న వద్దన్నదాన్ని ఇప్పుడెందుకు అడుగుతున్నాడని చక్రం తిప్పి తిప్పి చూసి, అంతుపట్టక ఇచ్చేశాడు. పెద్ద చక్రానికి గొలుసు ఇంకొంచెం పొడుగు కావాలని అతనే గుర్తు చేశాడు.

ముత్తన్న చెల్లెలింటి నుంచి బండిని మళ్లీ అదే వీధిలో తోసుకుంటూ వచ్చాడు. అరుగుల మీద ఆడవాళ్లు మళ్లీ చూశారు. "బెయిలు దొరికినట్టున్నది," అన్నారు.

షెడ్డు ముందు వెంకటవ్వ చాట మీది నుంచి తలెత్తలేదు. బాలనర్సయ్య ఎవరిదో స్కూటరు ముందు కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, సంచి అందుకుని సామాను ఒక్కొక్కటే బయటికి తీశాడు. గొలుసు అడ్డంగా పట్టి చూసి తలూపాడు. చిన్న చక్రం చూసి కింద పెట్టాడు. పెద్ద చక్రం చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. దాన్ని వెలుతురుకు పెట్టి, పళ్ల చుట్టూ బొటనవేలు తిప్పాడు. బోధన్ తొవ్వలో ఎక్కాల్సిన మెరకలు లేవు. ఆ బండికి ఇంత పెద్ద వెనక చక్రం అక్కరలేదు. దాన్ని అడిగేవాళ్లు ఒక్కరే.

"చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది."

వెంకటవ్వ బీడీకి దారం చుట్టడం ఆపింది.

"మొన్ననే ఆముదం వాసన పసిగట్టినవ్ నువ్వు," అన్నాడు ముత్తన్న.

"పసిగట్టిన."

"నాకు చెప్పకపోతివి."

"చెప్తె నమ్ముదువా?"

ముత్తన్న నిజంగానే ఆలోచించాడు. బాలనర్సయ్య అప్పుడే ఆముదమూ, పసుపూ, డ్రమ్మూ అని కథ చెప్పి ఉంటే, దొంగసామాను దాచడానికి తన పెళ్లాన్ని అడ్డం పెట్టుకుంటున్నాడని అనుకునేవాడు. "ఏమో నర్సన్నా," అన్నాడు. "నమ్మకపోదును."

ఆ మాట విని బాలనర్సయ్య ముఖం కొంచెం వదులైంది. చక్రం నేల మీద పెట్టాడు. ముత్తన్న అలవాటు చొప్పున హోటలు వైపు అడుగు వేశాడు.

"ఏడికి?" అన్నాడు బాలనర్సయ్య. మూలనున్న బిల్ల పీట కాలితో ముందుకు జరిపాడు. "మొన్న కూసున్నవ్ కద. ఇయ్యాల గూడ కూసో. ఏం ఏస్తున్ననో కండ్లార సూసుకో. రేపు మల్ల టైరొకటి గొలుసొకటి అనొద్దు."

అది హాస్యమో, శిక్షో ముత్తన్నకు తెలియలేదు. వెంకటవ్వ కూడా చూస్తోంది. పీట తీసుకున్నాడు. బండి పక్కన వేశాడు. కూర్చోబోయి, లేచి, దాన్ని ఇటు తిప్పి రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

కాసేపటికి వెంకటవ్వ చాట పక్కన పెట్టి లేచింది. ఎదుటి హోటలు వైపు చెయ్యెత్తి, పటేలుకు చాయ్ ఇక్కడికే పంపమని కేకేసింది.

వెనక సుత్తి చప్పుడైంది. గొలుసు కొత్త పళ్ల మీద ఒక్కొక్క లంకె ఎక్కుతున్న చప్పుడైంది. ఇంతలో ఏదో చిన్న ఇనుప వస్తువు నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి, ఎక్కడో ఆగింది. ఏమై ఉంటుంది? గొలుసు కొక్కెమా, నట్టా? ఏరుకున్నాడా, లేదా? ముత్తన్న వెనక్కి తిరగబోయి ఆగాడు. చాయ్ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, రోడ్డు మీద పోతున్న చెరకు బండ్లనే చూస్తూ ఉండిపోయాడు.